సముద్ర కార్మిక సమ్మెలు, విదేశీ సిబ్బంది నిర్బంధం: శాంతియుత పరిష్కారానికి దౌత్య ప్రయత్నాలు

ఓడల్లోనో, రేవుల్లోనో, నడిసముద్రంలో నిలిపిన చమురు రిగ్గుల మీదనో కార్మికులకూ యాజమాన్యానికీ తగాదా ముదిరినప్పుడు, ఆ తగాదాతో ఏ సంబంధమూ లేని విదేశీ సిబ్బంది ఒడ్డుకు రాలేక, ఇంటికి పోలేక చిక్కుకుపోతుంటారు. ఒక్కోసారి సమ్మెకారులే వారిని కదలనివ్వరు. ఒక్కోసారి జీతాలు ఎగ్గొట్టిన యజమాని చేతులు దులుపుకోవడంతో సిబ్బందే ఓడ దిగకుండా సమ్మెకు కూర్చుంటారు. మరికొన్నిసార్లు రేవు అధికారులో, న్యాయస్థానమో ఓడను నిలిపివేస్తే లోపలి మనుషులు దానితోపాటే ఆగిపోతారు. ఇటువంటి చిక్కులను రక్తపాతం లేకుండా విప్పడానికి ప్రభుత్వాలు, రాయబార కార్యాలయాలు, కార్మిక సంఘాలు, అంతర్జాతీయ సంస్థలు చేసే ప్రయత్నాలు ఈ వ్యాసానికి విషయం.

1930లో రంగూను రేవులో తెలుగు కూలీల సమ్మె, 1939లో భారతీయ నావికుల సమ్మెలు, 2003లో నైజీరియా తీరంలో చమురు రిగ్గుల నిర్బంధం, 2013 నుంచి 2017 వరకు తమిళనాడులో నడిచిన సీమన్ గార్డ్ ఒహాయో కేసు, 2021లో కువైట్‌లో ఉలా ఓడ సిబ్బంది నిరాహార దీక్ష ఈ చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలు. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనబడుతుంది. సమ్మెకారుడు, యజమాని కాక ఇందులో మూడో మనిషి ఒకడు ఉంటాడు. అతడి క్షేమాన్ని మొదటి షరతుగా పెట్టుకున్న ఒప్పందాలు నిలిచాయి. అతణ్ణి మరిచిపోయిన ఒప్పందాలు సంతకాల తడి ఆరకముందే విరిగిపోయాయి.

పరిధి

సముద్ర కార్మిక వివాదాల్లో నిర్బంధం మూడు రకాలుగా ఉంటుంది. మొదటిది సమ్మెకారులు రాకపోకలను అడ్డుకోవడం. సముద్రం మధ్యలో ఉన్న రిగ్గుకు హెలికాప్టరో పడవో తప్ప దారి ఉండదు కనుక, ఆ ఒక్క దారి మూస్తే అందరూ బందీలైనట్టే. రెండోది వదిలివేత. యజమాని జీతాలు, తిండి, నీళ్లు, ఇంధనం ఆపేసి కనుమరుగవుతాడు. ఓడను విడిచి వెళ్తే జీతబాకీ మీద పట్టు పోతుందన్న భయంతో సిబ్బంది దిగరు. కనీస సిబ్బంది లేకుండా ఓడను వదలడానికి రేవు అధికారులూ ఒప్పుకోరు. మూడోది చట్టపరమైన నిర్బంధం. సరుకు గురించో, ఆయుధాల గురించో, సరిహద్దు దాటడం గురించో కేసు నడుస్తుంది. అది తేలేవరకు కళాసీ నుంచి కెప్టెన్ వరకు అందరూ ఆగిపోతారు.

సముద్రపు దొంగలు డబ్బు కోసం ఓడను పట్టుకోవడం వీటికి పూర్తిగా వేరు. సమ్మెకారుడికి ఫిర్యాదు ఉంటుంది, సంఘం ఉంటుంది, రేపు మళ్లీ అదే పనికి వెళ్లాలన్న ఆశ ఉంటుంది. చర్చలకు చోటు దొరికేది అక్కడే. ఇద్దరినీ ఒకే గాటన కట్టి సైన్యాన్ని పంపితే ఆ చోటు మూసుకుపోతుంది.

రంగూను, 1930

తెలుగువారికి ఈ విషయంలో అతి చేదు అనుభవం బర్మాలో ఎదురైంది. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లినందువల్ల అక్కడ తెలుగు కూలీలకు కోరంగీలన్న పేరు స్థిరపడింది. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవారే రంగూను రేవులో ఓడల సరుకు ఎత్తడం, దించడం చేసేవారు. కూలీలను తెచ్చేది, కూలి పంచేది, అందులో తన వాటా కోసుకునేది మేస్త్రీ. కంపెనీకీ కూలీకీ నడుమ మాట నడిచేది అతడి ద్వారానే.

1930 మే నెలలో ఈ తెలుగు కూలీలు కూలి పెంచాలని సమ్మె కట్టారు. ఓడలు సరుకుతో ఆగిపోకుండా ఉండేందుకు నౌకా సంస్థలు బర్మా కూలీలను పనిలోకి దించాయి. అప్పటివరకు రేవు పనికి దూరంగా ఉంచిన బర్మా పేదలకు అది అరుదైన అవకాశం. కొద్ది రోజుల్లోనే యాజమాన్యం తెలుగు కూలీలతో రాజీకి వచ్చింది. వారు పనిలోకి వచ్చిన రోజునే, మే 26న, బర్మా కూలీలను పొమ్మన్నారు. రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. అధికారిక లెక్కల ప్రకారమే వంద మందికి పైగా చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. చనిపోయినవారిలో అత్యధికులు తెలుగు కూలీలే. ప్రాణభయంతో పరుగెత్తిన వేలాది మందికి నగరంలోని పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకునే చోటు చూపవలసి వచ్చింది.

కూలి తగాదాగా చూస్తే ఆ సమ్మె పరిష్కారమైంది. మనుషుల తగాదాగా చూస్తే పూర్తిగా విఫలమైంది. రాజీ కుదిర్చినవారు బర్మా కూలీలతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. పని పంచుకోవడానికో, దశలవారీగా మార్చడానికో వీలున్న చోట ఒక్క రోజులో ఒకరిని తీసి ఇంకొకరిని పెట్టారు. ఆ నిర్లక్ష్యానికి ప్రాణాలతో వెల చెల్లించింది మాత్రం ఏ నిర్ణయమూ చేయని కూలీలు. 1937లో బర్మా భారతదేశం నుంచి పాలనాపరంగా విడిపోయింది. 1941లో రెండు ప్రభుత్వాల మధ్య వలసల ఒప్పందం కుదిరింది. భారతీయుల రాకను గట్టిగా కట్టడి చేసిన ఆ ఒప్పందాన్ని ఇక్కడి నాయకులు తీవ్రంగా నిరసించారు. రేవులో కార్మిక శాఖ స్థాయిలో తేలవలసిన సమస్య పదకొండేళ్ల తర్వాత రెండు ప్రభుత్వాల బల్ల మీదకు వచ్చింది.

లాస్కర్ల సమ్మెలు, 1939

బ్రిటిష్ ఓడల్లో పనిచేసే భారతీయ నావికులను లాస్కర్లు అనేవారు. బ్రిటిష్ నావికుడి జీతంలో వారికి దక్కేది చిన్న భాగమే. పడుకునే చోటు ఇరుకు, తిండి తక్కువ. 1939 సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలై జలాంతర్గాముల ముప్పు ముంచుకొచ్చాక, అదే జీతానికి అంత ప్రమాదంలోకి వెళ్లబోమని బ్రిటన్ రేవుల్లోనూ ఇతర దేశాల రేవుల్లోనూ వారు ఓడలు కదలనివ్వలేదు. ఒప్పందం ఉల్లంఘించారన్న నేరం మీద అనేకమందిని పరాయి దేశపు జైళ్లలో పెట్టారు.

లండన్‌లో సూరత్ అలీ, కలకత్తాలో అఫ్తాబ్ అలీ వంటి సంఘ నాయకులు నావికుల తరఫున నిలబడ్డారు. భారత హైకమిషనర్ కార్యాలయం, బ్రిటిష్ ప్రభుత్వ శాఖలు, ఓడల యజమానులు చర్చల్లోకి దిగక తప్పలేదు. చివరికి జీతాలు పెరిగాయి, యుద్ధ భత్యం వచ్చింది. యుద్ధానికి ఓడలు కావాలి, ఓడలు నడవాలంటే నావికులు కావాలి. ఆ అవసరమే లాస్కర్ల మాటకు బరువు తెచ్చింది. విదేశీ రేవులో నిర్బంధంలో ఉన్న భారతీయ కార్మికుడి కోసం సంఘమూ ప్రభుత్వ ప్రతినిధీ ఒకే విషయం మీద కదిలిన తొలి పెద్ద సందర్భాల్లో ఇది ఒకటి.

1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ నౌకా శిక్షణ కేంద్రంలో మొదలైన రాయల్ ఇండియన్ నేవీ సమ్మె కరాచీ, మద్రాసు, విశాఖపట్నం దాకా వ్యాపించింది. అది విదేశీ సిబ్బందిని నిర్బంధించిన ఘటన కాకపోయినా మధ్యవర్తిత్వం విషయంలో గుర్తుంచుకోవలసినది. సర్దార్ పటేల్ కల్పించుకొని, లొంగిపోయినవారి మీద కక్ష సాధింపు ఉండదన్న భరోసా ఇప్పించే ప్రయత్నం చేశారు. ఆ మాట నమ్మి సమ్మె విరమించినవారిలో చాలామంది తర్వాత ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. మాట నిలబెట్టుకునే అధికారం ఎవరిదో ముందే తేల్చుకోని మధ్యవర్తిత్వం ఎలా ముగుస్తుందో ఆ నావికులు అనుభవించి తెలుసుకున్నారు.

నైజీరియా రిగ్గులు, 2003

సమ్మెకారులు విదేశీ సిబ్బందిని నిర్బంధించిన ఘటనల్లో బాగా తెలిసినది 2003 ఏప్రిల్‌లో నైజీరియా తీరంలో జరిగింది. అమెరికా సంస్థ ట్రాన్స్‌ఓషన్‌కు చెందిన నాలుగు తవ్వకపు రిగ్గులు అక్కడ బహుళజాతి చమురు సంస్థల కోసం పనిచేస్తున్నాయి. కార్మికుల ఫిర్యాదులు ప్రధానంగా రెండు. తమ తోటి సంఘ సభ్యులు ఐదుగురి మీద తీసుకున్న చర్యను రద్దు చేయాలన్నది ఒకటి. ఒడ్డు నుంచి రిగ్గుకు తమను హెలికాప్టర్లలో కాక పడవల్లో తరలించాలన్న నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవాలన్నది రెండోది. విదేశీయులు గాలిలో ఎగిరి వస్తుంటే తాము అలల మీద గంటల తరబడి ప్రయాణించి, ఊగుతున్న పడవ నుంచి రిగ్గు మీదకు ఎక్కవలసి రావడం వారికి ప్రమాదంగానూ అవమానంగానూ తోచింది.

సమ్మెకారులు హెలికాప్టర్లు దిగే వేదికలను అడ్డగించారు. దాంతో సుమారు వంద మంది విదేశీయులు రిగ్గుల మీదే ఉండిపోయారు. వారిలో 35 మంది బ్రిటన్ వారు. మిగిలినవారిలో అమెరికన్లు, కెనడియన్లు ఉన్నారు. సమ్మెలో లేని నైజీరియా ఉద్యోగులు ఇంకా ఎక్కువ మందే వారితోపాటు చిక్కుకున్నారు. వార్తల్లో వారి ప్రస్తావన మాత్రం తక్కువ. ఏప్రిల్ చివరి వారం వరకు బయటి ప్రపంచానికి ఈ సంగతి పెద్దగా తెలియదు. రిగ్గు మీది నుంచి ఇళ్లకు వెళ్లిన ఈ-మెయిళ్లు, ఫోన్ల ద్వారానే అది బయటపడింది. సైన్యం దాడి చేస్తే తమ ప్రాణాలు దక్కవన్న భయం ఆ ఉత్తరాల్లో కనిపించింది.

అప్పుడే నైజీరియాలో అధ్యక్ష ఎన్నికలు ముగిసి ఒలుసెగున్ ఒబసాంజో రెండోసారి గెలిచారు. నౌకాదళం దగ్గర్లోనే ఉంది. సమ్మెకు వ్యతిరేకంగా సంస్థ కోర్టు ఉత్తర్వు కూడా తెచ్చుకుంది. అయినా బ్రిటన్ విదేశాంగ శాఖ శాంతియుత పరిష్కారమే కావాలంది. రిగ్గు మీద ఇంధనం, వాయువు, యంత్రాలు ఒకే ఇరుకు చోట ఉంటాయి. అక్కడ ఒక్క తూటా పేలినా ఎవరు సమ్మెకారుడు, ఎవరు బందీ అన్న తేడా మిగలదు.

దారి తెరిచింది కార్మిక సంఘాలు. రిగ్గుల మీది కార్మికులు పై నాయకత్వం అనుమతి లేకుండానే సమ్మెకు దిగారు. కనుక చమురు, సహజవాయు కార్మికుల జాతీయ సంఘానికీ నైజీరియా లేబర్ కాంగ్రెస్‌కూ ఇది తమ ఇంటి సమస్య కూడా. అబూజాలో సంస్థ ప్రతినిధులతో సంఘ నాయకులు కూర్చున్నారు. మే 2న ఒప్పందం కుదిరింది. మరుసటి రోజు నుంచి రిగ్గుల మీది మనుషులను ఒడ్డుకు చేర్చడం మొదలైంది. ఎవరికీ గాయాలు కాలేదు.

ఇక్కడ విదేశీ ప్రభుత్వాలు చేసిన మేలు తెర వెనుకది. తమ పౌరుల క్షేమం గురించి గట్టిగా అడుగుతూనే, సమ్మె న్యాయమా అన్యాయమా అన్న తీర్పు జోలికి వెళ్లకుండా ఆ చర్చను నైజీరియా వారికే విడిచిపెట్టాయి. సమ్మెకారుడు తన దేశపు సంఘ నాయకుడి మాట వింటాడు కానీ పరాయి రాయబారి మాట వినడు. ఈ సంగతి తెలిసి పక్కకు జరగడం కూడా దౌత్యంలో భాగమే.

తమిళనాడు తీరం: సీమన్ గార్డ్ ఒహాయో

తమిళనాడులో పత్రికల ద్వారా చాలామందికి తెలిసిన నిర్బంధం కేసు సీమన్ గార్డ్ ఒహాయో అన్న ఓడది. ఇది సమ్మె కాదు. అయినా విదేశీ సిబ్బంది విషయంలో దౌత్యం ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అని చూపడానికి తమిళనాడులో దీనికి మించిన ఉదాహరణ లేదు.

2013 అక్టోబరు 12న భారత తీర రక్షక దళం తూత్తుకుడి సమీపంలో ఈ ఓడను అడ్డగించింది. ఓడ మీద సియర్రా లియోన్ జెండా, యాజమాన్యం అమెరికాకు చెందిన అడ్వాన్‌ఫోర్ట్, పని వాణిజ్య నౌకలకు సముద్రపు దొంగల నుంచి కాపలా. లోపల 35 మంది ఉన్నారు: 14 మంది ఎస్టోనియన్లు, ఆరుగురు బ్రిటన్ వారు, ముగ్గురు ఉక్రెయిన్ వారు, 12 మంది భారతీయులు. 35 తుపాకులు, ఐదు వేలకు పైగా తూటాలు దొరికాయి. ఆయుధాల చట్టం కింద, స్థానిక చేపల పడవ నుంచి డీజిలు కొన్నందుకు నిత్యావసర వస్తువుల చట్టం కింద కేసులు పెట్టారు.

2014 జులైలో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆయుధాల చట్టం కింది అభియోగాలను కొట్టివేసింది. 2015 జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి విచారణ జరగాలంది. 2016 జనవరి 11న తూత్తుకుడి న్యాయస్థానం అందరికీ ఐదేళ్ల శిక్ష వేసింది. 2017 నవంబరు 27న హైకోర్టు వారందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ఈ నాలుగేళ్లలో బ్రిటన్ ప్రధానులు డేవిడ్ కామెరాన్, థెరిసా మే ఈ విషయాన్ని భారత ప్రధాని దగ్గర ప్రస్తావించారు. ఎస్టోనియా ప్రభుత్వం కూడా పదేపదే అడిగింది. బ్రిటన్‌లో లక్షల సంతకాలతో వినతిపత్రం వెళ్లింది. నావికుల సేవకు అంకితమైన క్రైస్తవ సంస్థ మిషన్ టు సీఫేరర్స్ జైల్లో ఉన్నవారిని కలుస్తూ, ఇళ్లకు కబురు చేరవేస్తూ వచ్చింది.

కేసు న్యాయస్థానంలో ఉన్నంతకాలం భారత ప్రభుత్వం ఇచ్చిన సమాధానం ఒక్కటే: మా న్యాయవ్యవస్థ స్వతంత్రమైనది. ఆ మాట సరైనదే. స్వతంత్ర న్యాయస్థానం ఉన్న చోట రాయబారి చేయగలిగింది లాయరును కుదర్చడం, జైలుకు వెళ్లి కలవడం, మందులు, తిండి అందేలా చూడడం, విచారణ త్వరగా సాగాలని కోరడం. వీటిని చిన్న పనులుగా తీసిపారేయకూడదు. నాలుగేళ్లు మనిషి కూలిపోకుండా నిలబెట్టేవి ఇవే. ఇదే కేసులో 12 మంది భారతీయులూ అదే శిక్ష అనుభవించారు. ఆ కేసుకు బయట 'చెన్నై సిక్స్' అన్న పేరు పడింది. ఆ పేరులో బ్రిటన్ వారు ఆరుగురికే చోటు దక్కింది. సొంత దేశంలోనే నిర్బంధంలో ఉన్నవాడి కోసం ఏ రాయబార కార్యాలయమూ రాదు. అటువంటివారి కోసం గొంతెత్తవలసింది మన సంఘాలు, మన పత్రికలు, మనం.

వదిలేసిన ఓడలు

ఈ కాలపు సమస్యల్లో అన్నిటికన్నా విస్తృతమైనది వదిలివేత. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్కల ప్రకారం 2024లో 312 ఓడల మీద 3,133 మంది నావికులను యజమానులు గాలికొదిలేశారు. దేశాల వారీగా చూస్తే అత్యధికులు భారతీయులు, 899 మంది.

కువైట్‌లోని షుఐబా రేవులో ఆగిపోయిన ఉలా సరుకు ఓడలో 19 మంది ఉండేవారు. వారిలో ఎక్కువమంది భారతీయులు. జీతబాకీ నాలుగు లక్షల డాలర్లు దాటింది. కొందరు ఒప్పంద కాలం ముగిసి చాలా నెలలైనా ఓడ మీదే ఉన్నారు. ఓడకు జెండా ఇచ్చిన పలావు దేశం నమోదును రద్దు చేసింది. అంటే వారి తరఫున అడగవలసిన జెండా దేశమే లేకుండా పోయింది. 2021 జనవరిలో వారు నిరాహార దీక్షకు దిగారు. సమాఖ్య ప్రతినిధులు, కువైట్ అధికారులు, భారత రాయబార కార్యాలయం నెలల తరబడి నడిపిన సంప్రదింపుల తర్వాత ఆ ఏడాది జూన్‌లో ఇళ్లకు బయలుదేరారు.

బ్రిటన్‌లోని గ్రేట్ యార్మత్ రేవులో మాలవీయ ట్వంటీ అన్న భారతీయ ఓడ 2016లో నిర్బంధానికి గురైంది. దాన్ని నడిపిన ముంబయి సంస్థ దివాలా తీసింది. కెప్టెన్ నికేశ్ రస్తోగీ, ఆయనతో మిగిలిన కొద్దిమంది 2018 వరకు ఓడను అంటిపెట్టుకునే ఉన్నారు. ఊరివారు తిండి, బట్టలు తెచ్చిపెట్టారు. చివరికి అడ్మిరాల్టీ న్యాయస్థానం ఓడను వేలం వేయించి, వచ్చిన డబ్బులోంచి జీతాలు ఇప్పించింది. ఇంటికి దూరంగా, పండుగలన్నీ రేవులోనే గడుపుతూ వారు పట్టుదలగా నిలబడకపోతే ఆ బాకీ వసూలయ్యేది కాదు.

చట్టపు ఆధారాలు

1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం విదేశంలో నిర్బంధంలో ఉన్న వ్యక్తికి తన దేశ కాన్సుల్‌ను కలిసే హక్కునిచ్చింది. కెప్టెన్‌కూ సిబ్బందికీ మధ్య వచ్చే తగాదాలను, తమ దేశ చట్టం అనుమతించినంత మేరకు, తీర్చే బాధ్యత కూడా అదే ఒప్పందం కాన్సుల్ విధుల్లో చేర్చింది. 1988లో రోములో కుదిరిన ఒప్పందం, దానికి అనుబంధమైన ప్రోటోకాల్ ఓడలను, సముద్రంలోని స్థిర వేదికలను బలవంతంగా స్వాధీనం చేసుకోవడాన్ని నేరంగా ప్రకటించాయి. సంఘం పెట్టుకునే స్వేచ్ఛను 1948 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 87వ ఒప్పందం కాపాడుతుంది. శాంతియుత సమ్మె హక్కు. మనిషిని కదలనివ్వకపోవడం హక్కు కాదు. ఈ రెండిటి మధ్య గీత ఎక్కడ పడుతుందన్నదే ప్రతి చర్చలోనూ తొలి ప్రశ్న.

నావికుల హక్కుల పత్రంగా చెప్పదగినది 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం. అది 2013 ఆగస్టులో అమలులోకి వచ్చింది. భారత్ 2015 అక్టోబరులో ఆమోదించింది. 2017 జనవరి నుంచి అమలైన సవరణ ప్రకారం రెండు నెలలు జీతం ఇవ్వకపోయినా, తిండి, నీరు వంటి అవసరాలు చూడకపోయినా, ఇంటికి పంపే ఖర్చు భరించకపోయినా సిబ్బందిని వదిలేసినట్టే లెక్క. అప్పుడు బీమా నుంచి నాలుగు నెలల వరకు జీతబాకీ, ఇంటికి చేర్చే ఖర్చు ఇవ్వాలి. నెలల లెక్కన కాక ఏళ్ల లెక్కన చిక్కుకున్నవారికి ఈ నాలుగు నెలలు చాలవు. సముద్రపు దొంగల చెరలో ఉన్నంతకాలం జీతం ఆగకూడదని 2018లో ఇంకో సవరణ చేశారు. సమ్మె నిర్బంధంలో ఉన్నవారికి అటువంటి స్పష్టమైన రక్షణ లేదు. రిగ్గుల సిబ్బందికి ఒప్పందం వర్తిస్తుందో లేదో ఒక్కో దేశం ఒక్కోలా తేల్చుకుంటుంది.

తెలుగు తీరం

భారతదేశ నౌకా న్యాయశాస్త్రంలో పెద్ద మలుపు విశాఖపట్నంలోనే వచ్చింది. 1984లో ఎం.వి. ఎలిజబెత్ అన్న విదేశీ ఓడను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో విశాఖ రేవులో నిలిపివేశారు. విదేశీ యజమాని మీద ఆ అధికారం హైకోర్టుకు లేదన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1992లో సుప్రీంకోర్టు హైకోర్టు అధికారాన్ని సమర్థించింది. ఆ కేసు సరుకు గురించే అయినా, విదేశీ ఓడ మన రేవులోకి వస్తే మన న్యాయస్థానం దాన్ని ఆపగలదన్న సూత్రం అందులో స్థిరపడింది. 2018 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న అడ్మిరాల్టీ చట్టం ఓడ మీది హక్కుల వరుసలో సిబ్బంది జీతాలకు మొదటి స్థానం ఇచ్చింది. జీతం రాని నావికుడికి ఓడను ఆపించే దారి దొరికిందంటే, కడుపు మాడ్చుకునే సమ్మె అవసరం ఆ మేరకు తగ్గినట్టే.

2024 నవంబరులో కాకినాడ లంగరు స్థలంలో పనామా జెండాతో ఉన్న స్టెల్లా ఎల్ ఓడను రేషను బియ్యం ఉన్నాయన్న కారణంతో ఆపారు. ఆ బియ్యాన్ని దించి, 2025 జనవరిలో ఓడను పంపారు. తప్పు ఎవరిదైనా, ఆ వారాలన్నీ సముద్రం మీద ఎదురుచూసింది సరుకుతో సంబంధం లేని సిబ్బంది.

ఉత్తరాంధ్ర మత్స్యకారులది ఇంకో రకం కష్టం. పని కోసం గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్లి, అక్కడి యజమానుల పడవల్లో వేట చేస్తుండగా 2018 నవంబరులో పాకిస్థాన్ అధికారులకు పట్టుబడిన 20 మంది కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉన్నారు. 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దగ్గర విడుదలయ్యారు. పడవ యజమానిది కావచ్చు, దారి చూపిన పరికరం యజమానిది కావచ్చు, జైలు మాత్రం కూలీకే. రెండు దేశాలు ఏటా జనవరి 1న, జులై 1న పరస్పరం అందజేసుకునే ఖైదీల జాబితాలో పేరు ఉండడమే ఇటువంటివారి విడుదలకు తొలి మెట్టు.

దౌత్యం నడిచే తీరు

ఫలించిన ప్రయత్నాలన్నిటిలోనూ కొన్ని అడుగులు ఉమ్మడిగా కనిపిస్తాయి.

మొదట తిండి, మంచినీరు, మందులు, ఇంటికి ఫోను. వీటిని బేరంలో పెట్టకూడదని అన్ని పక్షాలూ ఒప్పుకోవాలి. ఇది కుదిరితే రెండో అడుగుకు సమయం దొరుకుతుంది.

తర్వాత విడుదలను వివాదం నుంచి విడదీయడం. జీతం ఎంత, ఉద్యోగం ఎవరికి అన్నవి వారాల తరబడి తేలవు. విదేశీ సిబ్బంది వెళ్లిపోయినా సమ్మెకారుల మాట వింటామన్న హామీ దొరికితే వారిని పట్టి ఉంచే అవసరం పోతుంది.

మాట్లాడేవారి ఎంపిక దీనికి ప్రాణం. రిగ్గు మీది కార్మికుడి దగ్గరకు వెళ్లవలసింది అతడి సంఘం. యజమాని దగ్గరకు వెళ్లవలసింది జెండా దేశం, బీమా సంస్థ. జైలు అధికారి దగ్గరకు వెళ్లవలసింది కాన్సుల్. 2022 ఆగస్టులో ఈక్వటోరియల్ గినీ పట్టుకుని, తర్వాత నైజీరియాకు అప్పగించిన హీరోయిక్ ఇడున్ ట్యాంకరులో 26 మంది ఉండగా అందులో 16 మంది భారతీయులు. వారి కోసం ఓడకు జెండా ఇచ్చిన మార్షల్ దీవులు అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానం మెట్లెక్కింది. భారత రాయబార కార్యాలయం సిబ్బందిని కలిసింది. నావికుల సంఘాలు ప్రచారం చేశాయి. 2023 మే చివరలో వారు బయటపడ్డారు. చిన్న ద్వీప దేశమైనా జెండా బాధ్యతను మోసింది. ఉలా విషయంలో పలావు నమోదును రద్దు చేసి ఆ బాధ్యతను దించేసుకుంది.

ఆఖరి అడుగు కక్ష సాధింపు ఉండదన్న హామీ. అది కాగితం మీద, అమలు చేసే అధికారం ఉన్నవారి సంతకంతో ఉండాలి. ఆ హామీని మొదటిసారి మోసగిస్తే, తర్వాతి సమ్మెలో ఏ మధ్యవర్తినీ ఎవరూ నమ్మరు.

లోతట్టు జిల్లాల కుటుంబాలకు

సముద్రం చూడని ఊళ్ల నుంచి కూడా యువకులు ఓడ పనికి వెళ్తున్నారు. తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న తమిళనాడులోని ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాల్లో రేవు ఊళ్లలో మాదిరిగా ఓడ పని తెలిసిన పెద్దలు, సంఘం కార్యాలయాలు ఉండవు. అందుకే ముందుజాగ్రత్త ఇంటి నుంచే మొదలుకావాలి. నియామక ఏజెంటుకు నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఉద్యోగానికి డబ్బు అడిగితే అది చట్టవిరుద్ధం. ఒప్పంద పత్రం, సీడీసీ అనే నావికుడి గుర్తింపు పుస్తకం, నావికుల జాతీయ నమోదులోని ఇండోస్ సంఖ్య, ఓడ పేరు, దాని ఐఎంఓ గుర్తింపు సంఖ్య, జెండా దేశం వీటి నకళ్లు ఇంట్లో ఉండాలి. ఓడ పేరు మారినా ఐఎంఓ సంఖ్య మారదు. ఎక్కడున్నా ఓడను పోల్చుకునేది దానితోనే.

రెండో నెల జీతం ఆగిన రోజునే కదలాలి. డైరెక్టరేట్ జనరల్‌కు, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌కు, నావికుల సంఘానికి, అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్యకు ఒకేసారి రాయాలి. సిగ్గుపడి, ఏజెంటు తీపి మాటలు నమ్మి ఆరు నెలలు ఆగితే బీమా ఇచ్చే నాలుగు నెలల జీతాన్ని దాటిన బాకీని రాబట్టడం కష్టమవుతుంది.

అంచనా

రంగూను నుంచి కువైట్ వరకు చూస్తే, నిర్బంధం అన్నది చాలాసార్లు వినని ఫిర్యాదుకు చివరి రూపం. జీతం నెల నెలా అందుతూ, ప్రమాదం గురించి చెబితే వినేవారుంటే హెలికాప్టర్ వేదికను అడ్డగించవలసిన పని రాదు. అంతమాత్రాన అడ్డగించడం ఒప్పు కాదు. ఐదుగురి ఉద్యోగం కోసం వంద మంది స్వేచ్ఛను పట్టి ఉంచడం ఆ ఐదుగురికీ న్యాయం చేయదు.

ఇక చేయవలసిన పనులు స్పష్టమే. బీమా పరిమితి నాలుగు నెలలు దాటాలి. సమ్మె వల్లనో, రేవు నిర్బంధం వల్లనో ఆగిపోయిన నావికుడి జీతం కూడా దొంగల చెరలో ఉన్నవాడి జీతంలాగే ఆగకుండా నడవాలి. జెండా అద్దెకిచ్చి ఆపద వేళ నమోదు రద్దు చేసే దేశాలను బాధ్యులను చేయాలి. అన్నిటికన్నా ముందు, ఏ రేవులో రాజీ కుదిరినా సంతకాల బల్ల దగ్గర అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ ఒప్పందం వల్ల రేపు పొద్దున ఎవరి పని పోతుంది, ఎవరి ప్రయాణం ఆగుతుంది? 1930 మే నెలలో రంగూనులో ఆ ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే ఎన్నో తెలుగు కుటుంబాలు తమవారిని పోగొట్టుకునేవి కావు.